రాక్ ఫాస్ఫేట్‌ను బట్టీలో కాలిస్తే మొక్కకు త్వరగా అందుతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. చింతపల్లి దగ్గర మీకు మూడెకరాల కాఫీ తోట ఉంది, మట్టి పరీక్షలో పీహెచ్ 5.4 వచ్చింది, అంటే ఆమ్ల నేల. భాస్వరం కోసం నేలలో వేసే రాతిపొడి, అదే రాక్ ఫాస్ఫేట్, బస్తాలు తెచ్చారు. అది చాలా నెమ్మదిగా కరుగుతుందని అందరూ చెప్పడంతో, నర్సీపట్నం దగ్గర మీ బావగారి ఇటుక బట్టీలో పెట్టి కాలిస్తే ఎలా ఉంటుందని ఆలోచన వచ్చింది. సున్నపురాయిని కాలిస్తే నీళ్లు తగలగానే కుతకుత ఉడికే సున్నం అవుతుంది కదా, ఇదీ అలాగే మారుతుందేమో అన్నది మీ ఆశ. ఒక బస్తా ఇప్పటికే కాల్చి ఉంచారు. కింద పల్లంలో ఉన్న చెరకు చేనుకు కూడా అదే వేద్దామనుకుంటున్నారు. అక్కడ పీహెచ్ 7.8, అంటే క్షారం వైపు ఉన్న నేల.

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణం తర్వాత. మిగతా బస్తాలు కాల్చకండి. ఇటుక బట్టీ వేడిలో ఒట్టిగా కాల్చిన రాక్ ఫాస్ఫేట్ పచ్చి పొడి కంటే మొక్కకు తక్కువగా అందుతుంది. మీ కాఫీ నేల పచ్చి పొడిని కరిగించగలిగిన నేల. అలాంటి నేల ఉండి కూడా కట్టెలు, బొగ్గు ఖర్చు పెట్టి ఎరువును మొద్దుబార్చుకోవడం నాకు బాధగా అనిపించింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సున్నపురాయి పోలిక ఎక్కడ తప్పిందో చూద్దాం. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. అది నీటి కోసం కాచుకుని ఉండే పదార్థం. రాక్ ఫాస్ఫేట్‌లో అసలు సరుకు వేరు. అది అపటైట్ అనే ఖనిజం, అంటే కాల్షియం, ఫాస్ఫేట్, ఫ్లోరిన్ కలిసి గట్టిగా అల్లుకున్న స్ఫటికం. ఇటుక బట్టీ వేడికి అపటైట్ విడిపోదు. ఇంకా గట్టిపడుతుంది.

దీనికి సరైన పోలిక సున్నపు బట్టీ కాదు, కుమ్మరి ఆవం. పచ్చి కుండను నీళ్లలో పెడితే కాసేపటికి బురదై కరిగిపోతుంది. అదే కుండను ఆవంలో కాల్చాక నూరేళ్లు నీళ్లలో ఉంచినా కరగదు. మట్టి అదే, వేడి దాన్ని మార్చేసింది. రాక్ ఫాస్ఫేట్‌కు జరిగేదీ దాదాపు ఇదే.

లోపల జరిగేది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా సలహా అంతా దీని మీదే ఆధారపడి ఉంది. సముద్రపు అడుగున పేరుకుని ఏర్పడిన ఫాస్ఫేట్ రాళ్లలో అపటైట్ స్వచ్ఛంగా ఉండదు. స్ఫటికంలో ఫాస్ఫేట్ ఉండాల్సిన చోట్ల కొన్నింట్లో కార్బొనేట్ దూరి కూర్చుంటుంది. దాని ఆకారం వేరు, దాని విద్యుదావేశం వేరు, కాబట్టి ఆ చోటులో అది సరిగ్గా ఇమడదు. ఒకే సైజు ఇటుకలతో కట్టిన గోడలో అక్కడక్కడా వంకర ఇటుకలు పెట్టినట్టు అక్కడ పట్టు సడలుతుంది. నేలలోని ఆమ్లం ఆ బలహీనమైన చోట్ల నుంచే రాయిని తినడం మొదలుపెడుతుంది. ఎంత ఎక్కువ కార్బొనేట్ దూరి ఉంటే రాయి అంత బాగా కరుగుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినా, ట్యునీషియాలోని గఫ్సా, పెరూలోని సెచురా రాళ్లకు నేరుగా పొలంలో వేసుకోవడానికి మంచి పేరు ఉన్నది అందుకే.

ఇప్పుడు వేడి పెడదాం. 100, 150 డిగ్రీల దగ్గర తేమ పోతుంది, ఇంకేమీ కాదు. 300 నుంచి 500 వరకు రాయిలో మిగిలి ఉన్న సేంద్రియ పదార్థం కాలిపోతుంది. అపటైట్‌కు పెద్ద నష్టం ఉండదు. 600 దాటాక కథ మారుతుంది. స్ఫటికంలో దూరిన కార్బొనేట్ వాయువుగా బయటికి పోవడం మొదలవుతుంది, 900 దగ్గరకు వచ్చేసరికి చాలావరకు పోతుంది. వంకర ఇటుకలు తీసేసి గోడ మళ్లీ తీరుగా కట్టినట్టు స్ఫటికం బిగుసుకుంటుంది. మిగిలేది దాదాపు శుద్ధమైన ఫ్లోర్‌అపటైట్, అంటే అన్నిటికంటే మొండిది.

అదే సమయంలో ఇంకో నష్టం. సన్నటి రేణువులు వేడికి ఒకదానికొకటి అతుక్కుని పెద్ద స్ఫటికాలవుతాయి. పంచదార పొడి నోట్లో వేసుకోగానే కరుగుతుంది, పటికబెల్లం ముక్క చప్పరిస్తూ ఉండాలి. రెండూ చక్కెరే, తేడా అంతా నీటికి తగిలే పైభాగం ఎంత ఉందన్న దాంట్లోనే. కాల్చిన రాయిలో ఆ పైభాగం బాగా తగ్గిపోతుంది.

మూడో నష్టం రాయితో పాటు వచ్చే సున్నపురాయి, డోలమైట్ వల్ల. రాక్ ఫాస్ఫేట్‌లో ఇవి ఎంతో కొంత కలిసి ఉంటాయి. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గరి ఝామర్‌కోట్రా గనిలోని తక్కువ గ్రేడ్, అంటే భాస్వరం శాతం తక్కువున్న రాయిలోనైతే డోలమైట్ బాగా ఉంటుంది. 800, 900 డిగ్రీలకు ఇవి నిజంగానే సున్నం అవుతాయి. మీరు బట్టీ నుంచి తీసిన పొడి మీద నీళ్లు చల్లినప్పుడు వేడెక్కిందని, ఆవిరి వచ్చిందని రాశారు. రాయి 'మేల్కొంది' అని మీరు అనుకున్నది దాన్ని చూసే. మేల్కొన్నది పక్కనున్న సున్నం. భాస్వరం ఉన్న ఖనిజం ఇంకా గాఢనిద్రలోకి పోయింది.

ఆ సున్నం ఊరికే కూర్చోదు. అపటైట్ కరగాలంటే మూడు కావాలి: చుట్టూ ఆమ్లం ఉండాలి, కరిగి వచ్చిన కాల్షియం అక్కడి నుంచి తొలగిపోవాలి, భాస్వరాన్ని వేరు ఎప్పటికప్పుడు తీసుకోవాలి. సున్నం ఆమ్లాన్ని చంపేస్తుంది, పైగా చుట్టూ కాల్షియం నింపేస్తుంది. మూడింట్లో రెండు దారులు ఒక్క దెబ్బతో మూసుకుపోతాయి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఎరువుల పరీక్ష ల్యాబ్‌లో చేరిన కొత్తలో నాకూ సరిగ్గా ఇదే సందేహం వచ్చింది. మా సీనియర్ గారు మాటలతో సరిపెట్టకుండా చేసి చూడమన్నారు. అప్పట్లో ఉత్తరాఖండ్‌లోని ముస్సోరీ రాయి పొడి సులువుగా దొరికేది. దాన్ని మఫిల్ ఫర్నేస్ అనే ల్యాబ్ కొలిమిలో 400, 700, 950 డిగ్రీల దగ్గర కాల్చాం. పచ్చి పొడితో కలిపి నాలుగు నమూనాలు. 950 దగ్గర తీసింది గడ్డకట్టింది, రోట్లో మళ్లీ నూరాల్సి వచ్చింది. తర్వాత అన్నిటినీ రెండు శాతం సిట్రిక్ యాసిడ్‌లో వేసి అరగంట ఊపాం. సిట్రిక్ యాసిడ్ అంటే వంటింట్లో నిమ్మ ఉప్పు. వేరు దగ్గర ఉండే తేలికపాటి ఆమ్లానికి ఇది ఒక నమూనా అన్నమాట. వడకట్టిన ద్రావణానికి మాలిబ్డేట్ అనే రసాయనం కలిపితే భాస్వరం ఎంత ఉంటే అంత చిక్కటి పసుపు రంగు వస్తుంది. పచ్చి పొడి గొట్టం, 400 గొట్టం పక్కపక్కన పెడితే తేడా తెలియలేదు. 700ది పలచబడింది. 950 గొట్టంలో పసుపు ఉందా లేదా అని వెలుతురుకు పెట్టి చూడాల్సి వచ్చింది. సున్నమే ఆమ్లాన్ని తినేసి మనల్ని మోసం చేస్తోందేమో అని అనుమానం వచ్చి, ఆ నమూనాను కొత్త యాసిడ్‌తో రెండోసారి కూడా కడిగాం. అప్పుడు కొంచెం పెరిగింది కానీ పచ్చి పొడిని అందుకోలేదు. ఆ నాలుగు గొట్టాలు వరసగా స్టాండులో ఉన్న దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

ఆ రోజే ఇంకో సంగతి తెలిసింది. కాల్చిన నమూనాలో మొత్తం భాస్వరం శాతం మాత్రం పెరిగింది! చాలామందిని తప్పుదారి పట్టించేది ఇదే. లెక్క చూడండి. వంద కిలోల రాయిలో 20 కిలోల భాస్వరం ఉందనుకుందాం. కాలిస్తే తేమ, వాయువులు పోయి 85 కిలోలు మిగిలాయి. భాస్వరం అదే 20 కిలోలు. కానీ శాతం 20 నుంచి 23.5 అయింది. పాలు మరిగి కోవా అయితే చిక్కబడుతుంది, అంతమాత్రాన గేదె ఎక్కువ పాలు ఇచ్చినట్టు కాదు.

మీరు చదివిన చోట "కాల్చిన రాక్ ఫాస్ఫేట్ మేలు రకం" అని ఉండటానికి కారణం కూడా ఇదే. గనుల దగ్గర కాల్చడం నిజంగానే ఉంది. అల్జీరియాలోని జెబెల్ ఒంక్ లాంటి చోట్ల రాయిలోని కార్బొనేట్లు వదిలించడానికి కాల్చి, కడిగి గ్రేడ్ పెంచారు. కానీ ఆ రాయి వెళ్లేది ఫ్యాక్టరీకి. అక్కడ దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి ఫాస్ఫారిక్ యాసిడ్ తీస్తారు, దాంతో డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు చేస్తారు. మన విశాఖ ఫ్యాక్టరీ చేసే పని అదే. ఫ్యాక్టరీ వాళ్లకు రాయి మొండిదైనా బాధ లేదు, ఎందుకంటే వాళ్ల చేతిలో ఉన్నది సల్ఫ్యూరిక్ యాసిడ్. వాళ్లకు కావలసింది నురగ రాకుండా ఉండటం, యాసిడ్ నల్లబడకుండా ఉండటం, సున్నపురాయి మీద యాసిడ్ వృథా కాకుండా ఉండటం. మీ తోటలో ఉన్నది వేరు వదిలే తేలికపాటి ఆమ్లం మాత్రమే. ఫ్యాక్టరీకి మంచి రాయి, నేలకు మంచి రాయి ఒకటి కావు. బస్తా మీద శాతం చూసి కొనేవాళ్లు అందరూ ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ఇంకో విషయం ఆలోచించండి. కొన్ని రాళ్లను మనం కాల్చక్కర్లేదు, భూమే ఎప్పుడో కాల్చేసింది. భూగర్భంలో కరిగిన శిలాద్రవం చల్లారి ఏర్పడిన అపటైట్‌లో కార్బొనేట్ దాదాపు ఉండదు. రష్యాలోని కోలా ద్వీపకల్పం రాయి అలాంటిది. గ్రేడ్ చూస్తే బ్రహ్మాండం, నేలలో వేస్తే బండరాయే. మీ జిల్లాలోనే అనంతగిరి మండలం కాశీపట్నం దగ్గర అపటైట్ ఉంది. అదీ స్ఫటిక రూపంలోని మొండి రకమే. దగ్గర్లో దొరుకుతుంది కదా అని ఎవరైనా దాన్ని పొడి చేసి వేయమంటే తొందరపడకండి. ఝామర్‌కోట్రా రాయి సముద్రపు అడుగున పేరుకున్నదే అయినా చాలా ప్రాచీనమైనది, యుగాల పాటు ఒత్తిడి, వేడి చూసింది. అందుకే నార్త్ కరోలినా రాయితో పోలిస్తే అది వెనకబడి ఉంటుంది. ముస్సోరీ రాయి మనవాటిలో కాస్త నయం అనిపించుకుంది.

మరి 'థర్మల్ ఫాస్ఫేట్' అని ఎరువులు ఉన్నాయి కదా అని మీరు రాశారు. ఉన్నాయి, అవి మంచి ఎరువులు కూడా. కానీ వాటిలో ఒట్టి రాయిని కాల్చరు. వేడితో పాటు ఇంకేదో కలుపుతారు, అసలు పని ఆ కలిపినది చేస్తుంది.

జర్మనీలో మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి చాలా ఏళ్లు రెనానియా ఫాస్ఫేట్ అనే ఎరువు చేసేవారు. రాయి పొడిలో సోడియం కార్బొనేట్, అంటే బట్టల సోడా, దానికి తోడు కాస్త ఇసుక కలిపి తిరిగే పెద్ద గొట్టపు కొలిమిలో 1100 నుంచి 1200 డిగ్రీల వరకు కాల్చేవారు. సోడియం స్ఫటికంలోకి చొరబడి అపటైట్‌ను విడగొట్టి కాల్షియం సోడియం ఫాస్ఫేట్ అనే కొత్త ఖనిజం చేస్తుంది. ఇది నీళ్లలో కరగదు గానీ వేరు ఆమ్లానికి బాగా లొంగుతుంది. ఇప్పుడు జర్మనీలోనే మురుగునీటి బురద కాల్చిన బూడిదను సోడియం లవణాలతో మళ్లీ కాల్చి ఇదే సూత్రంతో ఎరువుగా మార్చే పని జరుగుతోంది.

రెండోది ఫ్యూజ్డ్ మెగ్నీషియం ఫాస్ఫేట్. నాకు బాగా నచ్చింది ఇది. వియత్నాంలో లావ్ కాయ్ గనుల అపటైట్‌కు సర్పెంటైన్ అనే మెగ్నీషియం, సిలికా ఉన్న రాయి కలిపి 1400 డిగ్రీల పైన పూర్తిగా కరిగిస్తారు. పాకంలా కారే ఆ ద్రవం మీద ఒక్కసారిగా నీటి ధార కొడతారు. అది గాజు పలుకులుగా చిట్లిపోతుంది. ప్రాణమంతా ఆ చివరి క్షణంలోనే ఉంది. నెమ్మదిగా చల్లారనిస్తే అణువులు మళ్లీ వరస కట్టి అపటైట్‌గా మారిపోతాయి, అంత ఖర్చూ బూడిదలో పోసినట్టే. కమ్మరి ఎర్రగా కాలిన కర్రును నీళ్లలో ముంచినట్టు చటుక్కున చల్లారిస్తే వరస కట్టే వ్యవధి ఉండదు, గజిబిజిగా ఉన్న గాజులాగే ఉండిపోతుంది. ఆ గజిబిజే మొక్కకు వరం. చైనా, జపాన్, బ్రెజిల్‌లో కూడా ఈ ఎరువు చేస్తారు. ఆమ్ల నేలల్లో భాస్వరంతో పాటు మెగ్నీషియం, సిలికా కూడా అందుతాయి కాబట్టి వరికి బాగా పనికొస్తుంది.

మూడోది ఫ్లోరిన్ తీసేసిన ఫాస్ఫేట్. రాయికి సిలికా కలిపి 1300, 1400 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పంపిస్తే ఫ్లోరిన్ వాయువుగా పోతుంది. ఫ్లోరిన్ పోయాక అపటైట్ నిలబడలేదు. దీన్నీ వేగంగానే చల్లార్చాలి. ఇది ఎక్కువగా పశువుల దాణాలోకి వెళుతుంది. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మామూలు రాక్ ఫాస్ఫేట్‌ను, కాల్చినదైనా సరే, పశువులకు ఖనిజ లవణంగా పెట్టకండి. అందులో మూడు, నాలుగు శాతం ఫ్లోరిన్ ఉంటుంది. ఇటుక బట్టీ వేడికి అది పోదు. ఫ్లోరోసిస్ అంటే ఏమిటో నల్గొండ, ప్రకాశం వాళ్లను అడిగితే చెబుతారు.

ఇప్పుడు మీ బట్టీ వేడిని వీటితో పోల్చి చూడండి. ఇటుక బట్టీ 900 నుంచి 1000 చిల్లర డిగ్రీల దగ్గర ఆగుతుంది. మొండిబారడానికి కావలసినంత వేడి పూర్తిగా ఉంది, కరిగించి గాజు చేయడానికి కావలసిన వేడి లేదు. పైగా బట్టీ రోజుల తరబడి మెల్లగా చల్లారుతుంది. నష్టం జరగడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. బట్టల సోడా కలిపి కాలిస్తే ఎలా ఉంటుందని మీకు ఇప్పుడు అనిపిస్తూ ఉంటుంది. అదీ వద్దు. ప్రతి రేణువుకీ సోడా తగిలేలా కలపాలి, వేడి అంతటా ఒకేలా ఉండాలి, సోడా కూడా తక్కువేమీ పట్టదు. తేడా వస్తే ఇటు కరగని రాయి, అటు నేలకు అనవసరమైన సోడియం, రెండూ మీ నెత్తిన పడతాయి. వాసన, పొగ సంగతి సరేసరి.

న్యాయంగా ఒక మినహాయింపు కూడా చెప్పాలి. ఒట్టిగా కాలిస్తేనే బాగుపడే ఫాస్ఫేట్ రాళ్లు ఉన్నాయి. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ ద్వీపం, సెనెగల్‌లోని థియెస్ దగ్గర దొరికే కొన్ని రాళ్లలో భాస్వరం అల్యూమినియం, ఇనుముతో కలిసి ఉంటుంది. వాటి స్ఫటికంలో నీరు బంధించి ఉంటుంది. 500, 600 డిగ్రీల మధ్య కాలిస్తే ఆ నీరు పోయి స్ఫటికం కూలిపోతుంది, ఖనిజం ఆకారం లేని పొడిగా మారి భాస్వరం బాగా అందుతుంది. వేడి ఇంకా పెంచితే కొత్త స్ఫటికాలు కట్టి మళ్లీ బిగుసుకుంటుంది. క్రిస్మస్ ద్వీపం రాయితో కాల్సిఫాస్, సెనెగల్ రాయితో ఫాస్ఫాల్ అని ఎరువులు అమ్మారు. ఎక్కడైనా 'కాలిస్తే మంచిది' అని చదివితే అది ఏ రాయి గురించో ముందు చూడండి. మీ బస్తాలో ఉన్నది కాల్షియం ఫాస్ఫేట్, దానికి ఈ మాట వర్తించదు.

ఎముకల పొడి గురించి కూడా అడిగారు. ఎముకలో ఉన్నదీ అపటైటే, కానీ చాలా సన్నటి స్ఫటికాలు, కార్బొనేట్ బాగా కలిసినవి, ఫ్లోరిన్ చాలా తక్కువగా ఉన్నవి. ఆవిరి పట్టిన ఎముకల పొడి, పచ్చి ఎముకల పొడి కంటే మెరుగు. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కూడా ఆ తేడా చూపిస్తుంది. పచ్చి పొడిలో సిట్రిక్ యాసిడ్‌కు కరిగే భాస్వరం కనీసం 8 శాతం ఉండాలి, ఆవిరి పట్టినదాంట్లో 16 శాతం. ఆవిరి చేసేది కొవ్వు, జిగురు తీసేయడం. దానివల్ల ఎముక మెత్తగా పొడి అవుతుంది, నీరు లోపలికి పోతుంది. స్ఫటికం జోలికి ఆవిరి పోదు. అదే ఎముకను నిప్పుల్లో వేసి తెల్లగా అయ్యేదాకా కాలిస్తే కార్బొనేట్ పోయి స్ఫటికాలు పెరిగి రాయి దారి పడుతుంది. కాబట్టి ఎముకలకు ఆవిరి సరే, మంట వద్దు.

ఇక మీ తోట సంగతి. వేడి చేయలేని పనిని మీ నేల, పేడ కలిసి చేస్తాయి. ముందుగా పొడి మెత్తదనం చూడండి. నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రాక్ ఫాస్ఫేట్‌లో 90 శాతం పొడి 0.15 మిల్లీమీటర్ల జల్లెడ దాటాలి. వేళ్ల మధ్య రాస్తే గోధుమపిండిలా ఉండాలి, ఇసుకలా గరగరలాడితే ఆ సరుకు తిరిగి ఇచ్చేయండి. డబ్బు పెట్టాల్సింది మెత్తదనం మీద, కట్టెల మీద కాదు.

పీహెచ్ 5.4 రాక్ ఫాస్ఫేట్‌కు అనుకూలమైన నేల. కేరళ రబ్బరు, నీలగిరి తేయాకు, కర్ణాటక కాఫీ తోటల్లో ఏళ్ల తరబడి దీన్ని వాడుతున్నది ఈ బలంతోనే. ఒకేచోట గుప్పెడు పోయకండి. చెట్టు చుట్టూ వేళ్లు పారే మేర పలచగా చల్లి, ఆకుచెత్త పక్కకు తీసి పైమట్టిలో కలిపి, మళ్లీ చెత్త కప్పండి. ప్రతి రేణువు చుట్టూ ఆమ్ల మట్టి ఉండాలి, అదే కిటుకు. తొలకరి తేమ ఉన్నప్పుడు వేస్తే వానాకాలం అంతా కరిగే అవకాశం ఉంటుంది. అదే సీజన్‌లో అదే చోట సున్నం, డోలమైట్ వేయకండి. సున్నం వేయాల్సిన అవసరం ఉంటే రాక్ ఫాస్ఫేట్ ముందు వేసి, దానికి కొన్ని నెలల వ్యవధి ఇచ్చి తర్వాత వేయండి. మోతాదు మాత్రం నేను ఇక్కడ నుంచి చెప్పడం సరికాదు. మట్టి పరీక్ష కాగితం పట్టుకుని చింతపల్లి పరిశోధన కేంద్రానికి వెళ్లండి, చెట్ల వయసు, నీడ చూసి చెబుతారు.

ఇంకా మంచి ఫలితం కావాలంటే గెత్తంతో కలిపి మాగబెట్టండి. నేను చేయించే పద్ధతి ఇది: పేడ, చెత్త ఎండు బరువులో సుమారు ఎనిమిదో వంతు రాక్ ఫాస్ఫేట్ పొడిని పొరలు పొరలుగా చల్లుతూ కుప్ప వేయాలి. తేమ పిడికిట్లో నొక్కితే నీరు చెమ్మగిల్లేంత ఉండాలి. కుప్ప మొదటి వేడి తగ్గాక భాస్వరం కరిగించే బ్యాక్టీరియా కల్చర్ కలిపి, నెలకోసారి తిరగేస్తూ మూడు నాలుగు నెలలు ఉంచాలి. కుళ్లేటప్పుడు పుట్టే సేంద్రియ ఆమ్లాలు రాయిని కొద్దికొద్దిగా కొరుకుతాయి, కాల్షియాన్ని పట్టుకుని పక్కకు లాగుతాయి. కుప్ప లోపల వేడి 60, 65 డిగ్రీలు ఉంటుంది. రాక్ ఫాస్ఫేట్‌కు మనం ఇవ్వాల్సిన వేడి అంతే. మార్కెట్లో 'ప్రామ్' పేరుతో దొరికే ఫాస్ఫేట్ సేంద్రియ ఎరువు వెనక ఉన్నదీ ఈ ఆలోచనే.

పల్లంలోని చెరకు చేనుకు పీహెచ్ 7.8 అన్నారు. అక్కడ రాక్ ఫాస్ఫేట్, పచ్చిదైనా కాల్చినదైనా, నేరుగా వేయకండి. ఆ నేలలో ఆమ్లం లేదు, కాల్షియం నిండుగా ఉంటుంది. వేసిన పొడి ఏళ్ల తర్వాత కూడా పొడిగానే కనిపిస్తుంది. అక్కడికి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయండి. 16 శాతం భాస్వరం, దాంతో పాటు గంధకం కూడా వస్తుంది. నిజానికి ఈ సూపర్ ఫాస్ఫేట్ పుట్టిందే మీ సమస్యకు జవాబుగా. ఎముకలు, రాళ్లు నేలలో కరగడం లేదని 1842లో ఇంగ్లండ్‌లో జాన్ బెనెట్ లాస్ వాటికి సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి పేటెంట్ తీసుకున్నాడు. రాయిని లొంగదీయడానికి ఆయన ఎంచుకున్నదీ ఆమ్లమే.

చివరగా, మీరు కాల్చి పెట్టిన బస్తా. దాన్ని పారేయక్కర్లేదు. ముందు ఒక చెంచా పొడి గ్లాసు నీళ్లలో కలిపి, పసుపు రాసిన కాగితం ముంచండి. కాగితం పారాణిలా ఎర్రబడితే అందులో కాలిన సున్నం ఉన్నట్టు. అప్పుడు దాన్ని పేడ కుప్పలో గానీ, అమ్మోనియం సల్ఫేట్, డీఏపీ లాంటి ఎరువులతో గానీ కలపకండి. సున్నం తగిలితే నత్రజని అమ్మోనియా వాయువై గాలిలో కలిసిపోతుంది, ముక్కుకు ఘాటు కొడుతుంది. చేతులకు తొడుగు, కళ్లకు అద్దాలు లేకుండా ముట్టుకోకండి, తడి చర్మం మీద పడితే మంట పుడుతుంది. తోటలో పీహెచ్ మరీ తక్కువగా, 5 లోపు ఉన్న మూల ఏదైనా ఉంటే అక్కడ సున్నానికి బదులుగా పలచగా చల్లి మట్టిలో కలపండి. అందులోని భాస్వరం లెక్కలోకి తీసుకోకండి, ఆ చెట్లకు భాస్వరం విడిగానే ఇవ్వండి.

మిగిలిన బస్తాల లేబుల్ ఫోటో ఒకటి పంపండి. మొత్తం భాస్వరం శాతం, మెత్తదనం, ఏ గని రాయి అన్నది చూస్తే, గెత్తంలో ఎంత కలపాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.